ప్లేటు వేయమంటే ఏమంటారు?

మెకానికల్, ఆటోమొబైల్ చదివే మిత్రులకు ఒక పరీక్ష ఉంది. దాన్ని ఏ యూనివర్సిటీ పెట్టదు. హాల్‌టికెట్ ఇవ్వరు, తేదీ ముందే చెప్పరు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనో, అప్రెంటిస్‌గా షెడ్డులో అడుగుపెట్టిన మొదటి వారంలోనో వచ్చేస్తుంది. కామారెడ్డిలో జాతీయ రహదారి 44 పక్కన బండి ఆపిన డీసీఎం ఓనర్ కావచ్చు, ఎల్లారెడ్డిలో వరి కోతలకు ముందు బండి రెడీ చేసుకుంటున్న పికప్ డ్రైవర్ కావచ్చు. మాట మాత్రం దాదాపు ఒకటే: "తమ్మీ, బండి గుంజుతలేదు. గా ఈజీఆర్‌కు ప్లేటు కొట్టియ్యి, పంచాయితీ ఒడుస్తది."

అప్పుడు మీరేమంటారు? "సరే అన్నా" అంటే పది నిమిషాల పని, చేతిలో నాలుగు వందలు. "కుదరదు" అంటే పక్క షెడ్డుకు పోతాడు. ఈ రెండింటి మధ్య మూడో జవాబు ఒకటుంది. అది చెప్పగలిగినవాడికే ఈ రంగంలో నిలకడైన బతుకు ఉంటుందని నా నమ్మకం. ఆ జవాబు చెప్పాలంటే ఇంజన్ గురించి మాత్రమే తెలిస్తే చాలదు. రెండు లోహపు ముక్కల మధ్య కూర్చునే పల్చటి ప్యాకింగ్ గురించి కూడా తెలియాలి. పుస్తకంలో గాస్కెట్ అని చదివింది, షెడ్డులో ప్యాకింగ్ అని విన్నది ఒకటే వస్తువు.

ఈజీఆర్ చేసే పని ఏమిటి?

ఈజీఆర్ అంటే ఎగ్జాస్ట్ గ్యాస్ రీసర్క్యులేషన్. సైలెన్సర్ వైపు పోవాల్సిన పొగలో కొంత భాగాన్ని వెనక్కి మళ్లించి, ఇంజన్ పీల్చే గాలిలో కలపడం. వినగానే వింతగా అనిపిస్తుంది. వదిలేసిన పొగను మళ్లీ పీల్చడం ఏమిటని చాలామంది నవ్వుతారు కూడా. లెక్క తెలిస్తే నవ్వు ఆగుతుంది.

మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్. మామూలుగా అది ఎవరి జోలికీ పోదు. సిలిండర్‌లో మంట వేడి దాదాపు 1,500 డిగ్రీల సెల్సియస్ దాటితే మాత్రం ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారుతుంది. వీటినే మన రంగంలో పొట్టిగా నాక్స్ అంటాం. వేడి పెరిగేకొద్దీ నాక్స్ విపరీతంగా పెరుగుతుంది. పొగలో ఉండే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి ఇక మండవు. అవి లోపలికి వస్తే కొంత వేడిని తాము పీల్చుకుంటాయి, ఆక్సిజన్ వాటాను తగ్గిస్తాయి. మంట మెత్తబడుతుంది, నాక్స్ తగ్గుతుంది. ఇంతే సూత్రం.

నాక్స్ కంటికి కనిపించే నల్ల పొగ కాదు. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు. నైట్రోజన్ డయాక్సైడ్ ఊపిరితిత్తులను రేపుతుంది, ఆస్తమా ఉన్నవాళ్లకు ఇంకా కష్టం. ఎండలో అది నేల మట్టంలో ఓజోన్ తయారుకావడానికి కారణమవుతుంది, గాలిలో సన్నని ధూళి కణాలుగానూ మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో నైట్రోజన్ డయాక్సైడ్ వార్షిక సగటు పరిమితిని ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాముల నుంచి ఏకంగా 10కి తగ్గించింది. డీజిల్ పొగ మొత్తాన్ని క్యాన్సర్ కారకంగా అదే సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే ప్రకటించింది. ఆ పొగను అందరికంటే ఎక్కువగా పీల్చేది ఎవరు? షెడ్డులో ఇంజన్ ఆన్ చేసి పక్కనే నిలబడేవాళ్లు. అంటే రేపటి మీరే.

మన దేశంలో డీజిల్ కార్లకు నాక్స్ పరిమితి బీఎస్-3లో కిలోమీటరుకు 500 మిల్లీగ్రాములు. బీఎస్-4లో 250. బీఎస్-6లో 80. హైదరాబాద్ సహా 13 నగరాల్లో బీఎస్-4 2010 ఏప్రిల్ 1నే వచ్చింది. దేశమంతటా అమలైంది 2017 ఏప్రిల్ 1న. బీఎస్-6 మాత్రం 2020 ఏప్రిల్ 1 నుంచి అందరికీ ఒకేసారి. 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 నిబంధనలు 2023 జనవరి 1న అమల్లోకి వచ్చాయి. అందుకే ఒకే రోడ్డు మీద మూడు తరాల ఇంజన్లు తిరుగుతుంటాయి. మీ ముందుకు వచ్చిన బండి ఏ తరానిదో ఆర్సీ చూసి చెప్పగలగడం మొదటి మెట్టు.

ఓనర్ బాధ అబద్ధం కాదు

ప్లేటు అడిగేవాడిని దొంగలా చూడకండి. అతని కష్టం నిజమే. పొగతో పాటు మసి వస్తుంది. ఇంజన్ లోపలి ఆయిల్ ఆవిరి క్రాంక్‌కేస్ గొట్టం ద్వారా అదే దారిలోకి వస్తుంది. మసి, ఆయిల్ కలిస్తే తారు లాంటి ముద్ద. అది ఇన్‌టేక్ మానిఫోల్డ్ గోడలకు పట్టుకుంటుంది, ఈజీఆర్ వాల్వ్‌ను బిగదీస్తుంది. ఊళ్లో తక్కువ దూరాలు, తక్కువ స్పీడు, ఎక్కువసేపు ఐడిల్ మీద నిలబడే బండికి ఈ జబ్బు త్వరగా వస్తుంది. వాల్వ్ తెరుచుకుని ఉండగా బిగుసుకుపోతే పికప్ పడిపోతుంది, నల్ల పొగ కొడుతుంది. కొత్త వాల్వ్ ధర వేలల్లో. ప్లేటు ధర వందల్లో. సీజన్‌లో బండి రెండు రోజులు ఆగితే కిస్తీ ఆగదు. ఈ లెక్క అతనికి బాగా తెలుసు.

అతనికి తెలియనిది ఇంకొకటుంది. చిన్న డీజిల్ కార్లు, పికప్‌లలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఈజీఆర్ వాల్వ్ మామూలుగానే మూసుకుంటుంది. అది ఎక్కువగా పనిచేసేది సగం లోడు మీదే. అంటే బాగున్న ఈజీఆర్ ఎత్తు ఎక్కేటప్పుడు మీ శక్తిని తినదు. శక్తి పోతోందంటే వాల్వ్ చెడిపోయి ఉండాలి, లేదా తప్పు ఇంకెక్కడో ఉండాలి. ప్లేటు వేస్తే మొదటి తప్పు కప్పుకుపోతుంది. రెండోది అలాగే మిగులుతుంది.

పీయూసీ వచ్చింది కదా అంటే?

"ప్లేటు వేసినా పొల్యూషన్ సర్టిఫికెట్ వస్తుంది" అనే మాట మీరు తప్పక వింటారు. అది నిజమే. కానీ దాని అర్థం వేరు. డీజిల్ బండికి పీయూసీ కేంద్రంలో చేసేది పొగ మందం పరీక్ష. ఇంజన్‌ను రేజ్ చేసి, పొగ వెలుతురును ఎంత అడ్డుకుంటోందో కొలుస్తారు. అందులో నాక్స్ కొలత లేదు. ఈజీఆర్ మూస్తే మసి తగ్గుతుంది, నాక్స్ పెరుగుతుంది. అంటే బండి పరీక్షలో ఇంకా మెరుగ్గా కనిపిస్తుంది. జ్వరం చూడమంటే బరువు తూచి "బాగానే ఉన్నావు" అన్నట్టు. ఈ ఒక్క విషయం అర్థమైతే, ఏ పరీక్ష ఏం కొలుస్తుందో, ఏం కొలవదో అడిగే అలవాటు మీకు వస్తుంది. ఇంజనీర్‌కు అది డిగ్రీ అంత విలువైన అలవాటు.

చట్టం సంగతి సూటిగా చెప్పుకుందాం. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182-ఏ ప్రకారం అనుమతి లేకుండా మార్పు చేయించిన ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించే బండి నడిపితే సెక్షన్ 190 కింద 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు ఉన్నాయి. డ్రైవింగ్ లైసెన్సుపై మూడు నెలల అనర్హత కూడా పడుతుంది. మన రోడ్ల మీద ఎవరు ఆపి ఈజీఆర్ చూస్తారని మీరు అడగొచ్చు. చూడకపోవచ్చు. కానీ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఉద్యోగం చేస్తూ ప్లేటు వేస్తే, వారంటీ క్లెయిమ్ రోజున జాబ్ కార్డు మీద ఉండేది మీ సంతకమే.

సాంకేతికంగా కూడా ఆ పని నిలవదు. ఈసీయూ గాలి ప్రవాహాన్ని సెన్సర్‌తో కొలుస్తూ ఉంటుంది. ఈజీఆర్ తెరిచినప్పుడు తాజా గాలి తగ్గాలి. తగ్గకపోతే "పొగ రావడం లేదు" అని గుర్తించి పీ0401 కోడ్ పెడుతుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. దాన్ని ఆర్పడానికి సాఫ్ట్‌వేర్‌ను కెలకాలి. ఒక తప్పుకు ఇంకో తప్పు తోడు. యూరియా ద్రావణం వాడే బీఎస్-6 లారీల్లో నాక్స్ హద్దు దాటిందని సెన్సర్ చెబితే, కొంతసేపటికి ఈసీయూ ఇంజన్ శక్తినే కోసేస్తుంది. గుంజుతలేదని వచ్చిన బండి, ప్లేటు పడ్డాక అసలే గుంజదు.

ప్యాకింగ్ దగ్గర తెలిసిపోతుంది

ఇక అసలు విషయం. ప్లేటు వేసినా, వాల్వ్ శుభ్రం చేసినా, మానిఫోల్డ్ విప్పి మసి తీసినా, తిరిగి బిగించేటప్పుడు ప్యాకింగ్ ఎంచుకోవాల్సిందే. పనివాడెవరో, పని చేసినట్టు నటించేవాడెవరో అక్కడే తేలిపోతుంది. నేను చూసినంతలో చాలామంది ఇంజనీరింగ్ విద్యార్థులు టర్బో గురించి గంటసేపు చెబుతారు. ప్యాకింగ్ ఏ పదార్థంతో చేస్తారని అడిగితే మౌనమే. అందుకే కొంచెం వివరంగా చూద్దాం. ఐదు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది, ఆ జాయింట్ దగ్గర వేడి ఎంత? ఇంటర్‌కూలర్ దాటి వచ్చే గాలి పెద్ద వేడిగా ఉండదు. ఆ వైపు కాగితం లాంటి ఫైబర్ ప్యాకింగ్, రబ్బరు పూసిన స్టీల్ ప్యాకింగ్ సరిపోతాయి. ప్లాస్టిక్ మానిఫోల్డ్ అయితే గాడిలో కూర్చునే రబ్బరు సీలు ఉంటుంది. మామూలు నైట్రైల్ రబ్బరు సుమారు 100 నుంచి 120 డిగ్రీల వరకే ఓర్చుకుంటుంది. ఫ్లోరో రబ్బరు, సిలికాన్ 200 డిగ్రీల దాకా నిలుస్తాయి. కానీ కూలర్‌కు ముందున్న ఈజీఆర్ ఫ్లాంజ్ దగ్గర పొగ 400 డిగ్రీలు దాటి ఉండొచ్చు. అక్కడ కాగితం మాడిపోతుంది, రబ్బరు కరిగిపోతుంది. అక్కడ కావాల్సింది పలు పొరల స్టీల్ ప్యాకింగ్, లేదా స్టీల్ రేకు మీద గ్రాఫైట్ అద్దినది. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు ముక్కల్లో ఒకటి నాలుగేళ్లు బతుకుతుంది, ఒకటి నాలుగు రోజులు.

రెండోది, ఒత్తిడి ఏ వైపు నుంచి? టర్బో ఉన్న ఇంజన్‌లో లోడు మీద మానిఫోల్డ్ లోపల బయటికంటే ఎక్కువ ఒత్తిడి ఉంటుంది. ప్యాకింగ్ కారితే బూస్ట్ బయటికి పోతుంది. ఇంధనం మాత్రం అంతే పడుతుంది. ఫలితం నల్ల పొగ, పికప్ లేకపోవడం. టర్బో లేని పాత ఇంజన్‌లో కథ తిరగబడుతుంది. మానిఫోల్డ్ బయటి గాలిని లోపలికి లాగుతుంది. ఎయిర్ ఫిల్టర్ దాటిన తర్వాత దొరికిన సందు కాబట్టి దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. నిజాంసాగర్ ఆయకట్టులో కోతల సమయంలో పొలంలో తిరిగే ట్రాక్టర్‌ను ఊహించుకోండి. ఆ దుమ్ము రింగులను, బోరును ఇసుక కాగితంలా అరగదీస్తుంది. వంద రూపాయల ప్యాకింగ్ దగ్గర చేసిన పొదుపు ఇంజన్ బోరుకు వచ్చేదాకా తెస్తుంది.

మూడోది, రంధ్రాలు సరిపోయాయా? కొన్ని ఇంజన్లలో ఈజీఆర్ దారి మానిఫోల్డ్ ప్యాకింగ్ గుండానే పోతుంది. ఒకే ఇంజన్‌కు ఈజీఆర్ ఉన్న రకం, లేని రకం రెండూ మార్కెట్లో ఉంటే, ప్యాకింగులు పక్కపక్కనే వేలాడుతుంటాయి. ఈజీఆర్ రంధ్రం లేని ప్యాకింగ్ తెలియక వేస్తే, ప్లేటు వేయకుండానే ఈజీఆర్ మూసినట్టు. తర్వాత పీ0401 వచ్చిందని వాల్వ్ మార్పిస్తారు, లైటు పోదు. పాత ప్యాకింగ్ మీద కొత్తది పెట్టి ప్రతి రంధ్రం చూసుకోవడం ఒక నిమిషం పని. పార్ట్ నంబర్‌ను ఛాసిస్ నంబర్‌తో సరిచూడటం ఇంకో నిమిషం.

నాలుగోది, తలాలు ఎలా ఉన్నాయి? మసి పట్టిన ఫ్లాంజ్‌ను స్క్రూ డ్రైవర్‌తో గీకితే అల్యూమినియం మీద గాట్లు పడతాయి. స్టీల్ ప్యాకింగ్ గాట్లను పూడ్చలేదు. ప్లాస్టిక్ స్క్రేపర్, కార్బన్ క్లీనర్ వాడాలి. తర్వాత స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చి వంపు చూడాలి. మాన్యువల్ ఇచ్చిన హద్దు దాటితే ఎంత మంచి ప్యాకింగ్ వేసినా కారుతుంది. ఆ సందును అనబాండ్ ట్యూబుతో నింపేద్దామనే ఆలోచన వద్దు. బిగించగానే పక్కకు పొంగిన ముద్ద లోపలికీ పొంగుతుంది. ఎండాక ముక్కలై గాలితో పాటు పోతుంది. తయారీదారు చెప్పిన చోట తప్ప సీలెంట్‌కు మానిఫోల్డ్ మీద పని లేదు.

ఐదోది, బిగింపు. బోల్టులను మధ్య నుంచి చివరలకు, రెండు మూడు దశల్లో, టార్క్ రెంచ్‌తో బిగించాలి. మానిఫోల్డ్‌కు తరచుగా వాడే ఎం8 బోల్టుకు 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. కచ్చితమైన అంకె ఆ ఇంజన్ మాన్యువల్‌దే. చేతి అంచనాతో పానాకు పైపు తగిలించి బిగిస్తే ప్యాకింగ్ నలుగుతుంది, లేదా అల్యూమినియంలో మరలు ఊడొస్తాయి. ఒకసారి నొక్కుకుపోయిన ప్యాకింగ్‌ను మళ్లీ వాడటం అనే పొదుపు మానేయండి.

ఈ ఐదు ప్రశ్నలు ప్లేటుకు వర్తింపజేసి చూడండి. మూడు మిల్లీమీటర్ల ప్లేటు, దానికి అటో ప్యాకింగ్, ఇటో ప్యాకింగ్. పాత బోల్టు అంతే పొడవు. అల్యూమినియంలో బోల్టు తన వ్యాసానికి ఒకటిన్నర రెట్లు లోపలికి పట్టాలన్నది డిజైన్ నియమం. ఎం8కి 12 మిల్లీమీటర్లు. ప్లేటు వేశాక అది మిగలకపోవచ్చు. రెండు ఫ్లాంజుల మధ్య గట్టిగా ఉన్న ఈజీఆర్ పైపును ప్లేటు మందం మేరకు లాగి బిగిస్తే, అదురుకు ఎక్కడో పగులుతుంది. ప్లేటు ఇన్‌టేక్ వైపు వేస్తే పైపు, కూలర్ అన్నీ వేడి పొగతో నిండి ఉంటాయి. ప్రతి పీడన తరంగం దారిలోని ప్రతి ప్యాకింగ్‌నూ కొడుతూనే ఉంటుంది. పల్చటి రేకు అయితే కాలి చిల్లు పడుతుంది. "పది నిమిషాల పని" అన్నది ఇదే.

నింద ఈజీఆర్‌ది, తప్పు ఇంకొకరిది

ఇప్పుడు మూడో జవాబు దగ్గరికి వచ్చాం. పికప్ లేదు, నల్ల పొగ అన్న లక్షణాలు ఈజీఆర్ వాల్వ్ బిగుసుకుంటేనే రావు. మానిఫోల్డ్ ప్యాకింగ్ కారినా వస్తాయి. ఇంటర్‌కూలర్ హోస్ పగిలినా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, గాలి సెన్సర్ మీద దుమ్ము పట్టినా, ఇంజెక్టర్ కారుతున్నా అవే వస్తాయి. తెల్ల పొగ, రేడియేటర్‌లో నీళ్లు తగ్గడం కనిపిస్తే ఈజీఆర్ కూలర్ లోపల చిల్లు పడిందేమో చూడాలి. ఆ స్థితిలో ప్లేటు వేస్తే నీళ్లు తగ్గడం ఆగదు.

కాబట్టి ఓనర్‌తో ఇలా అనండి: "అన్నా, ముందుగాల ఒక గంట టైం ఇయ్యి. ఎక్కడ లీకుందో చూస్తా. ఈజీఆర్ తప్పయితే కడిగి పెడతా, ప్లేటు అవసరం రాదు." స్కానర్ పెట్టి కోడ్లు చూడండి. వాల్వ్‌కు కమాండ్ ఇచ్చి కదులుతోందో లేదో చూడండి. ఇంజన్ ఆపి ఇన్‌టేక్ గొట్టంలోకి తక్కువ ఒత్తిడితో గాలి పంపి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లండి. బుడగ వచ్చిన చోటే జబ్బు. ఆ తర్వాత వాల్వ్ విప్పి శుభ్రం చేసి, సరైన ప్యాకింగ్‌తో బిగించి, ఈసీయూకు వాల్వ్ స్థానాన్ని మళ్లీ నేర్పించాల్సి ఉంటే నేర్పించండి. సగం రోజు పని. ప్లేటు కంటే ఎక్కువ కూలి న్యాయంగా అడగొచ్చు. పాత ప్యాకింగ్‌ను చేతికిచ్చి "ఇగో, గాలి ఇక్కడికెళ్లి పోతుండె" అని చూపిస్తే బేరం కూడా తక్కువే.

ఒప్పుకోడా? కొందరు ఒప్పుకోరు. వాళ్లు పక్క షెడ్డుకు పోతారు. అది నష్టమే, కాదనను. పెద్ద మెకానిక్ "చెప్పింది చెయ్యి" అని గద్దిస్తే అప్రెంటిస్‌కు ఎదురు చెప్పడం ఇంకా కష్టం. కనీసం ఒకటి చేయగలరు: బండి ఏ తరానిదో, లీకు ఎక్కడుందో ముందే చూసి, ప్లేటు అవసరం లేని దారిని చేతిలో పెట్టుకుని మాట్లాడండి. నీతి చెబితే షెడ్డులో ఎవరూ వినరు. బుడగ చూపిస్తే వింటారు.

ఇందులో ఉద్యోగం ఎక్కడుంది?

2014 మే నెలలో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ బృందం ఒక నివేదిక ఇచ్చింది. డీజిల్ కార్ల డిక్కీలో కొలిచే పరికరాలు పెట్టుకుని రోడ్ల మీద నడిపి నాక్స్ చూశారు. ఒక ఫోక్స్‌వ్యాగన్ కారు పరిమితికి 15 నుంచి 35 రెట్లు వదులుతోందని తేలింది. ఆ బృందంలో అరవింద్ తిరువెంగడం, హేమంత్ కప్పన్న అనే ఇద్దరు భారతీయులున్నారు. 2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ సంస్థ నోటీసు ఇచ్చింది. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 1.1 కోట్ల కార్లలో పరీక్షను పసిగట్టే సాఫ్ట్‌వేర్ ఉందని కంపెనీ ఒప్పుకుంది. మన దేశంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మార్చిలో 500 కోట్ల రూపాయల జరిమానా వేసింది. తర్వాత ఆ వసూలుపై సుప్రీంకోర్టు నుంచి కంపెనీకి ఊరట దొరికింది. షెడ్డులో ఇనుప ప్లేటు చేసే పనినే అక్కడ కోడ్‌తో చేశారు. దాన్ని పట్టుకున్నది మాత్రం కొలవడం తెలిసిన విద్యార్థులు, పరిశోధకులు.

కొలవడం తెలిసినవాళ్ల అవసరం ఇప్పుడు పెరిగింది. 2023 ఏప్రిల్ నుంచి అమలవుతున్న బీఎస్-6 రెండో దశలో రోడ్డు మీద నడిపి ఉద్గారాలు కొలిచే పరీక్షకు పరిమితులు వచ్చాయి. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్, చెన్నై దగ్గర ఒరగడంలోని పరీక్షా కేంద్రం ఈ పని చేసేవే. ప్యాకింగ్ తయారీ కూడా చిన్న రంగం కాదు. ఫరీదాబాద్‌లో టాల్‌బ్రోస్, పుణె దగ్గర ఎల్రింగ్‌క్లింగర్ లాంటి కంపెనీల్లో సీలింగ్ ఒత్తిడిని కంప్యూటర్ మీద లెక్కగట్టే ఇంజనీర్లు కావాలి. మనకు దగ్గర్లో జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ప్లాంటు ఉంది. హైదరాబాద్‌లో హ్యుందాయ్, జెడ్ఎఫ్, బాష్ ఇంజనీరింగ్ కేంద్రాలున్నాయి.

పదో తరగతితో ఐటీఐలో చేరాలనుకునేవారికి మెకానిక్ డీజిల్ ఏడాది ట్రేడ్, మోటారు వెహికల్ మెకానిక్ రెండేళ్ల ట్రేడ్ ఉన్నాయి. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే కార్యక్రమాన్ని ప్రభుత్వం చేపట్టింది. డిప్లొమా, బీటెక్ వాళ్లు కేంద్రం నడిపే అప్రెంటిస్‌షిప్ పోర్టళ్లలో పేరు నమోదు చేసుకోవచ్చు. బ్యాటరీ బండ్లు వస్తున్నాయి కదా, డీజిల్ నేర్చుకుని ఏం లాభం అని భయపడకండి. సీలింగ్, వేడి, లీకు, సెన్సర్, కోడ్ అన్న ఐదూ అక్కడా ఉంటాయి. బ్యాటరీ పెట్టెలోకి నీళ్లు పోకుండా ఆపేది కూడా ఒక గాస్కెటే.

ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఈ మూడు ప్రశ్నలకు మీ మాటల్లో జవాబు రాసుకోండి. పీయూసీ పాసైన డీజిల్ బండి నాక్స్ ఎక్కువగా ఎలా వదలగలదు? ఈజీఆర్ కూలర్‌కు ముందు, తర్వాత ఒకే ప్యాకింగ్ ఎందుకు పనికిరాదు? పీ0401 వస్తే వాల్వ్ మార్చే ముందు ఏమేం చూస్తారు? గైడు చూసి బట్టీ పడితే ఎదురుప్రశ్నకే దొరికిపోతారు. సెలవుల్లో రెండు వారాలు మీ ఊరి షెడ్డులో నిలబడితే చాలు. మార్చి పారేసిన ప్యాకింగులను అడిగి తెచ్చుకోండి. ఏది ఎక్కడ మాడింది, ఎక్కడ నలిగింది, ఎక్కడ మసి దాటిపోయిందో చూస్తూ ఒక నోట్‌బుక్‌లో అతికించి పక్కన కారణం రాయండి. ఇరవై పేజీలు నిండితే దాన్నే ఇంటర్వ్యూకు పట్టుకెళ్లండి. రెజ్యూమెలో "కష్టపడే తత్వం" అని రాసుకునేవాళ్లు వందల్లో ఉంటారు. మాడిన ప్యాకింగ్‌ను బల్ల మీద పెట్టి, అది ఎందుకు మాడిందో చెప్పగలిగేవాళ్లు అరుదు.